పికప్ బండికి పికప్ పోయిందా? ముందు గాలి దారి చూడండి

పాతిక బస్తాల సిమెంటు వేసుకుని ఎస్.కోట నుంచి అరకు వైపు ఎక్కుతున్నాను. బొడ్డవర దాటి ఘాట్ మొదలైందో లేదో బండి మూలగడం మొదలుపెట్టింది. రెండో గేరులో కూడా లాగట్లేదు, అద్దంలో చూస్తే వెనకంతా నల్ల పొగ, ఆ పొగలో ఒక బైకు కుర్రాడు ముక్కు మూసుకుని హారన్ కొడుతున్నాడు. ఏడాది క్రితం అదే లోడుతో అవే మలుపులు పాటలు వింటూ ఎక్కిన బండి ఇది. పదమూడేళ్ల బొలెరో పికప్, 2523 సీసీ టర్బో ఇంజన్, అంటే గాలిని నొక్కి లోపలికి తోసే చిన్న ఫ్యాను ఉన్నది. వయసైపోయిందిలే అనుకున్నాను. డీజిల్ పంపు విప్పించాను, డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్పించాను, పద్దెనిమిది వేలు వదిలాయి. పొగ ఇంకాస్త పెరిగింది తప్ప లాగుడు మాత్రం రాలేదు.

ఆఖరికి విజయనగరంలో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే ఆయన పానా కూడా పట్టుకోకుండా నన్ను బోనెట్ దగ్గర నిలబెట్టి, టర్బో నుంచి మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టానికి) వెళ్లే హోసు అడుగున వేలు పెట్టి చూడమన్నాడు. పైనుంచి చూస్తే ఆ రబ్బరు బాగానే ఉంది. అడుగున మాత్రం నూనె, దుమ్ము కలిసి పేస్టులా అంటుకుంది, అది తుడిచి కొంచెం నొక్కేసరికి చిటికెన వేలు పొడుగున చీలిక నోరు తెరిచింది. "ఊపిరాడనోడికి అన్నం మీద అన్నం పెడితే ఏటవుతాది బాబూ?" అన్నాడు. నేను ఆర్నెల్లుగా చేస్తున్నది అచ్చంగా అదే. గాలి బయటికి పోతోంది, నేను డీజిల్ పెంచుతున్నాను.

అందుకని మీ పాత పికప్ లాగకపోతే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో ఆ వరసలో చెబుతాను. ఖర్చు లేనివి ముందు, జేబుకి చిల్లు పెట్టేవి చివర. ఇది బీఎస్-3, బీఎస్-4 (బీఎస్ అంటే ప్రభుత్వం పెట్టిన పొగ ప్రమాణం) కాలం నాటి డీజిల్ పికప్‌ల కోసం రాస్తున్నది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగ శుభ్రం చేసే సామాను, సెన్సార్లు చాలా ఎక్కువ, వాటిని స్కానర్ పెట్టకుండా కెలకొద్దు. ఇంకో మాట, ఇక్కడ బండికి కొత్త బలం ఎక్కించడం ఏమీ లేదు, కంపెనీ ఇచ్చిన బలంలో పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడమే.

గాలి గురించి ఒక లెక్క

2523 సీసీ ఇంజన్ 2000 ఆర్పీఎం మీద తిరుగుతుంటే, టర్బో సంగతి పక్కన పెట్టినా, నిమిషానికి సుమారు 2,500 లీటర్ల గాలి లాగాలి. మన ఇళ్ల ముందు ఉండే 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములు పన్నెండున్నర అన్నమాట, ఒక్క నిమిషంలో. టర్బో గాలిని నొక్కి తోస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి దాదాపు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి, డీజిల్ ఇంజన్ అయితే అంతకన్నా మిగులు గాలి ఉంటేనే పొగ లేకుండా నడుస్తుంది. ఇంత గాలి వెళ్లే దారిలో ఎక్కడ అడ్డు పడ్డా, ఎక్కడ కారినా, కాలని డీజిల్ మసిగా మారి సైలెన్సర్ లోంచి వస్తుంది. మీరు బంకులో పోసిన డబ్బే ఆ నల్ల పొగ.

ముందు పొగ రంగు, తర్వాతే పానా

లోడు వేసి ఒక ఎత్తు ఎక్కించండి, వెనక ఇంకొకరిని బైకు మీద రమ్మని పొగ చూడమనండి. బండి లాగట్లేదు, పొగ నల్లగా వస్తోంది అంటే డీజిల్ అందుతోంది, గాలి చాలట్లేదు అని ముందు అనుమానించాలి. నాజిల్ సరిగ్గా చిమ్మకుండా కారినా నల్ల పొగే వస్తుంది గానీ గాలి దారి చూడటానికి ఖర్చు లేదు కాబట్టి ముందు అదే. బండి లాగట్లేదు, పొగ కూడా లేదు అంటే తరచుగా డీజిలే అందట్లేదు. డీజిల్ ఫిల్టరు, ట్యాంకులో చెత్త, పైపులో గాలి బుడగలు, ఇవి చూసుకోండి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా మండట్లేదు లేదా కూలెంట్ లోపలికి వస్తోంది, అది వేరే కథ, మేస్త్రి దగ్గరికే వెళ్లాలి.

అలాగే మీకు బాగా అలవాటైన ఒక ఎత్తు ఎంచుకోండి. ఘాటే అక్కర్లేదు, ఫ్లైఓవర్ అయినా, ఏటి గట్టు ఎక్కే దారైనా చాలు. ఎంత లోడుతో, ఏ గేరులో, పైకి చేరేసరికి ఎంత స్పీడు ఉందో కాగితం మీద రాసుకోండి. ఇది రాసుకోకపోతే రేపు ఏం మార్చినా "కాస్త బాగున్నట్టే ఉంది" అనిపిస్తుంది. డబ్బు పెట్టినవాడికి అలాగే అనిపిస్తుంది, నాకూ అనిపించింది.

అసలు తప్పు ఇంజన్‌దేనా?

దీనికి పావుగంట చాలు. బండి ఐదారు కిలోమీటర్లు నడిపి, గట్టిగా బ్రేకు వేయకుండా మెల్లగా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి వేడి చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉంది, ఇంజన్ రోజంతా దానితో కుస్తీ పడుతోంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ తుప్పు పట్టి పూర్తిగా వదలకపోవడం మన సముద్రం పక్క బండ్లలో మరీ ఎక్కువ. తర్వాత టైర్లలో గాలి. ఆ తర్వాత క్లచ్: పై గేరులో ఎత్తు ఎక్కుతూ ఎక్సలేటర్ నొక్కితే ఇంజన్ మోత పెరుగుతోంది, స్పీడు పెరగట్లేదు అంటే క్లచ్ ప్లేటు జారుతోంది, ఇంజన్‌ని అనకండి.

ఎక్సలేటర్ కేబుల్ ఉన్న పాత బండైతే ఇది కూడా చూడండి. ఇంజన్ ఆపేసి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతుంటే మీరు పంపు దగ్గర లివర్ పూర్తిగా చివరికి వస్తోందో లేదో చూడండి. కేబుల్ సాగిపోతే పెడల్ నేలకి ఆనినా లివర్ ముప్పావు దూరమే కదులుతుంది. పెడల్ కింద మడతపడిన మ్యాటు వల్ల నెలల తరబడి బండి లాగట్లేదని తిరిగినవాడు నాకు తెలుసు. పేరు చెప్పను, మా బావమరిది.

ఎయిర్ ఫిల్టరు

అందరూ ఇదే ముందు చూస్తారు, అందరూ ఇదే తప్పుగా చేస్తారు. ఫిల్టరు తీసి టైరుకేసి టపటపా కొట్టి, పంక్చర్ షాపులో కంప్రెసర్ గన్ను దగ్గరగా పెట్టి బయట నుంచి లోపలికి ఊది, మళ్లీ పెట్టేస్తారు. కొట్టడం వల్ల అంచు సొట్ట పోతుంది, సీలు సరిగ్గా కూర్చోదు. బయట నుంచి ఊదితే దుమ్ము కాగితంలోకి ఇంకా లోతుగా వెళ్తుంది. గన్ను దగ్గర పెడితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి. చిల్లు పడిన ఫిల్టరుతో బండి బ్రహ్మాండంగా లాగుతుంది, అదే దాని మోసం, ఎందుకంటే గాలితో పాటు దుమ్మూ హాయిగా లోపలికి వెళ్లి టర్బో రెక్కల్ని, పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది.

సరిగ్గా చేయాలంటే ఇలా. ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. ఫిల్టరు డబ్బా బయటంతా ముందు తడి గుడ్డతో తుడవండి, లేకపోతే మూత తీయగానే ఆ దుమ్మే లోపల పడుతుంది. మూత తీసి ఫిల్టరుని గుంజకుండా తిప్పుతూ బయటికి తీయండి. ఊదాలంటే గాలి ఒత్తిడి బాగా తగ్గించి, 30 పీఎస్ఐ దాటకుండా, గన్నుని జానెడు దూరంలో పెట్టి, లోపల నుంచి బయటికి ఊదండి. తర్వాత చీకటి గదిలో ఫిల్టరు లోపల టార్చి పెట్టి చుట్టూ చూడండి. వెలుతురు అంతటా సమానంగా మసకగా కనిపిస్తే ఇంకొన్నాళ్లు వాడొచ్చు, ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ చిల్లు, పారేయండి. అసలు వెలుతురే రాకపోతే నిండిపోయింది, అదీ పారేయండి. కాగితం ఫిల్టరుని నీళ్లతో గానీ పెట్రోలుతో గానీ కడగొద్దు. కొన్ని బండ్లలో పెద్ద ఫిల్టరు లోపల చిన్న ఫిల్టరు ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఊదకూడదు, మాన్యువల్ చెప్పినప్పుడు మార్చేయడమే.

ఇప్పుడు ఎవరూ చేయని పని ఒకటి. ఫిల్టరు దాటాక టర్బో వైపు వెళ్లే పైపులో తెల్ల గుడ్డ చుట్టిన వేలు పెట్టి తిప్పండి. గుడ్డకి దుమ్ము అంటిందా? అయితే ఫిల్టరు ఎంత కొత్తదైనా లాభం లేదు, ఎక్కడో సీలు దగ్గరో పైపు జాయింటు దగ్గరో దుమ్ము దొంగదారిన వెళ్తోంది. అది మూసేదాకా ముందుకెళ్లొద్దు. డబ్బా అడుగున రబ్బరు మూతి ఒకటి వేలాడుతుంటుంది, దుమ్ము రాలిపోవడానికి. అది ఊడిపోయినా గట్టిపడిపోయినా డబ్బాలో దుమ్ము నిండుతుంది, ఉంటే వారానికోసారి వేళ్లతో నొక్కి వదలండి.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో మీ మాన్యువల్లో ఉంటుంది, కానీ అది మామూలు రోడ్డు మీద తిరిగే బండి లెక్క. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలకి తిరిగేవాళ్లు, ఇటుక బట్టీలకి తోలేవాళ్లు, చీపురుపల్లి గరివిడి పక్క మాంగనీసు గనుల దారిలో తిరిగేవాళ్లు ఆ అంకెని సగం చేసుకోండి. పలాస నుంచి జీడిపప్పు వేసుకుని హైవే మీదే పోయి హైవే మీదే వచ్చేవాళ్లకి మాన్యువల్ మాట చాలు. ఊరికే వారానికోసారి విప్పడం కూడా మంచిది కాదు, విప్పిన ప్రతిసారీ సీలు కదులుతుంది.

ఫిల్టరు కన్నా ముందు, గాలి లాగే మూతి ఎక్కడుందో చూసుకోండి. పాత బండ్లలో ఆ ప్లాస్టిక్ గొట్టం విరిగిపోయి ఇంజన్ పక్కనే వేలాడుతూ రేడియేటర్ వేడి గాలిని లాగుతుంటుంది. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకి వేడెక్కితే అదే చోటులో దాదాపు తొమ్మిది శాతం తక్కువ గాలి పడుతుంది, అంటే ఫిల్టరు కొత్తదైనా ఊపిరి తగ్గినట్టే. విరిగితే కొత్తది వేయండి, పాత సామాన్ల షాపులో దొరికినా చాలు. సంక్రాంతి ముందు కళ్లాల దగ్గర ధాన్యం ఎత్తే బండ్లలో ఆ మూతికి గడ్డి, ఊక చుట్టుకుపోతుంది. నెలరోజులు నిలిపి ఉంచిన బండైతే లోపల ఎలుక గూడు కట్టిందేమో కూడా చూడండి, నవ్వకండి. బోనెట్ కింద ఆ డబ్బా తీసేసి బయటికి కనపడే ఓపెన్ ఫిల్టరు బిగించే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, సౌండు బాగుంటుంది, అంతే. మన దుమ్ముకి, మన వానకి అది పనికిరాదు, పైగా లాగేది ఇంజన్ వేడి గాలినే.

హోసులు, క్లిప్పులు: నా పద్దెనిమిది వేలు పోయింది ఇక్కడే

టర్బో తోసే గాలి ఒత్తిడితో ఉంటుంది, అందుకే చిన్న చీలిక ఖాళీగా తిరిగేటప్పుడు తెలియదు. లోడు పడ్డప్పుడే నోరు తెరుస్తుంది. మెకానిక్ షెడ్డులో నిలబెట్టి రేసు చేసి చూపిస్తే "బండి బాగానే ఉంది కదా" అనే సమాధానం వస్తుంది, ఘాటులో మాత్రం చస్తుంది. ఎత్తు మీద ఉస్స్ మని గాలి కారిన చప్పుడు, దాంతో పాటు నల్ల పొగ వస్తున్నాయంటే నేరుగా ఇక్కడికే రండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టర్బో నుంచి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే ప్రతి హోసునీ చేత్తో పట్టుకుని పిండండి, వంచండి, తిప్పండి, ముఖ్యంగా కంటికి కనపడని అడుగు వైపు. రబ్బరు ఒకచోట మెత్తగా ఉబ్బినట్టుంటే లోపలి పొర విడిపోయింది, అది బయటికి చీలకపోయినా లోపల వేలాడి దారి మూస్తుంది. బయట నూనె తడి, దాని మీద దుమ్ము కనపడితే అక్కడి నుంచే గాలి కారుతోంది, తుడిచి చూడండి. క్లిప్పులు అన్నీ ఒకసారి బిగించండి, మరీ గట్టిగా బిగించి హోసు కోసేయకండి.

కంటికి దొరక్కపోతే సబ్బు నురుగు. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని ఎక్సలేటర్ పట్టుకోవాలి, మీరు స్ప్రే సీసాతో జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టి బుడగలు చూడాలి. గేరు న్యూట్రల్‌లో, చక్రాలకి రాళ్లు పెట్టి, మెడలో తువ్వాలు తీసి పక్కన పడేసి ఈ పని చేయండి. ఫ్యాను బెల్టుకి తువ్వాలు చిక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షెడ్డు తలుపులు తెరిచే ఉంచండి, మూసిన షెడ్డులో ఇంజన్ పొగ ప్రాణం తీస్తుంది. లోడు లేకుండా టర్బో పెద్దగా ఒత్తిడి కట్టదు కాబట్టి ఇందులోనూ ఒక్కోసారి దొరకదు. అప్పుడు ఇంజన్ ఆపేసి, టర్బో గాలి లాగే మూతికి సరిపోయే పీవీసీ ఎండ్ క్యాపు తెచ్చి, దానికి టైరు ట్యూబు వాల్వు బిగించి, హోసుకి క్లిప్పుతో పట్టించి, పంపుతో మెల్లగా గాలి ఎక్కించండి. ఏడెనిమిది పీఎస్ఐ చాలు, పది దాటొద్దు, క్యాపుకి ఎదురుగా నిలబడొద్దు. ఎక్కడ కారుతోందో చెవికే తెలిసిపోతుంది. కొంత గాలి ఇంజన్ లోపలికి పోవడం మామూలే, బయటికి వచ్చే చప్పుడే మీకు కావాలి.

చీలిన హోసుకి ట్యూబు ముక్క చుట్టి, తీగ కట్టి ఇంటికి చేరొచ్చు, దాంతోనే ఏడాది నడపొద్దు. నా హోసు ఖరీదు వెయ్యి లోపే అయింది.

ఇంటర్‌కూలర్ ఉన్న బండైతే దాని రెక్కల మధ్య బురద, పురుగులు పేరుకుపోతాయి. వెనక వైపు నుంచి ముందుకి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గర పెడితే రెక్కలన్నీ పడుకుంటాయి. లోపల పల్చగా నూనె పొర ఉండటం మామూలు, వంచితే గ్లాసుడు నూనె కారితే మామూలు కాదు, ఆ బండి నడపడం ఆపి టర్బో చూపించండి. ఆ నూనెనే ఇంజన్ డీజిల్‌లా తాగి, తాళం తీసినా ఆగకుండా రెచ్చిపోయే ప్రమాదం ఉంది.

టర్బో

పాత టాటా ఏస్ 702 సీసీ బండ్లకి టర్బో లేదు, మీరు ఈ ముక్క దాటేయండి.

మిగతావాళ్లు చల్లారిన ఇంజన్ మీద టర్బో ముందు హోసు తీసి, లోపలి చిన్న ఫ్యానుని వేలితో తిప్పండి. రాపిడి లేకుండా తిరగాలి. షాఫ్టుని పట్టుకుని అటూఇటూ కదిపితే వెంట్రుకవాసి ఆట ఉండొచ్చు, రెక్కలు గోడకి తగలకూడదు. లోపలికీ బయటికీ లాగితే మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. రెక్కల అంచులు ఎలుక కొరికినట్టు ఉంటే దుమ్ము తినేసింది, మళ్లీ ఫిల్టరు సంగతి చూడండి, లేకపోతే కొత్త టర్బో కూడా అదే దారి పడుతుంది. ఆ చిన్న ఫ్యాను నిమిషానికి లక్ష సార్లకి పైగా తిరిగే వస్తువు, దాన్ని నిలబెట్టేది పల్చటి ఆయిల్ పొర. కాబట్టి ఇంజన్ ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే, చెప్పిన టైముకే. ఘాట్ ఎక్కి రాగానే తాళం తీసేయకుండా ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో వదలండి. వేస్ట్‌గేటు (ఎక్కువైన ఒత్తిడిని వదిలేసే తలుపు) రాడ్డు తుప్పు పట్టి తెరుచుకునే ఉండిపోయినా టర్బో గాలి కట్టదు, దాన్ని మేస్త్రి చిన్న చేతి పంపుతో పరీక్ష చేస్తాడు.

ఈజీఆర్, మానిఫోల్డులో తారు

ఈజీఆర్ అంటే సైలెన్సర్‌కి పోయే పొగలో కొంత వెనక్కి తెచ్చి మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు. విషవాయువులు తగ్గడానికి పెట్టారు. అన్ని బండ్లకీ ఉండదు. ఆ పొగలో మసి, ఇంజన్ లోపలి నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి రెండూ మానిఫోల్డు గోడలకి పట్టి తారులా గట్టిపడతాయి. లక్షన్నర తిరిగిన బండి మానిఫోల్డు విప్పితే గుండె జబ్బు మనిషి రక్తనాళం గుర్తొస్తుంది, అరచెయ్యి పట్టే దారిలో బొటనవేలు పడుతుంది. వాల్వు ఆ మసికి తెరుచుకుని ఇరుక్కుపోతే ఫుల్ లోడులో కూడా గాలికి బదులు పొగ లోపలికి వెళ్తుంది.

దీన్ని బండి మీద ఉండగానే స్ప్రే కొట్టి కడిగేస్తామనే వాళ్లుంటారు. ఊడిన పెచ్చులన్నీ ఎక్కడికి పోతాయి? సిలిండర్లోకి. విప్పే చేయాలి. మానిఫోల్డు, వాల్వు బయటికి తీసి, ఇంజన్ వైపు రంధ్రాలన్నిటికీ శుభ్రమైన గుడ్డలు కుక్కి (ఎన్ని కుక్కారో లెక్కపెట్టుకోండి, బిగించే ముందు అన్ని బయటికి రావాలి), చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనో గీకి, కార్బన్ క్లీనర్‌తో కడిగి, పూర్తిగా ఆరాక కొత్త గ్యాస్కెట్లతో బిగించండి. పాత గ్యాస్కెట్ మళ్లీ వాడితే మీరు ఇప్పటిదాకా మూసిన గాలి మళ్లీ అక్కడ కారుతుంది. అనుభవం లేకపోతే ఈ ఒక్క పనీ చేయించుకోండి, పక్కన నిలబడి చూడండి.

ఈజీఆర్‌కి రేకు ముక్క అడ్డం పెట్టి మూసేయమని చాలామంది సలహా ఇస్తారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం కాలుష్య ప్రమాణాలు తప్పిన బండికి పదివేల రూపాయల వరకు జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోవడం కూడా ఉన్నాయి. నా మటుకు నాకు కడిగితే పనిచేసే వస్తువుని చంపడం నచ్చదు.

సైలెన్సర్

లోపలికి వచ్చిన గాలి బయటికి పోవాలి కదా. భావనపాడు, కళింగపట్నం వైపు చేపలు తోలే బండ్లకి ఉప్పునీళ్లు కారి కారి సైలెన్సర్ లోపలి రేకులు తుప్పు పట్టి ఊడి దారికి అడ్డంపడతాయి. బయటికి నిగనిగలాడుతూ ఉంటుంది. చల్లారాక రబ్బరు సుత్తితో తట్టండి, లోపల గలగలమంటే ఏదో ఊడింది. పైపుకి రాయి తగిలి నొక్కుకుపోయిందా కిందికి వంగి చూడండి. ఊరికే నిలబెట్టి రేసు చేస్తే ఆర్పీఎం కొంతదాకా లేచి అక్కడే గొంతు నొక్కినట్టు ఆగిపోతే కూడా అనుమానించాలి. మారిస్తే అదే సైజుది వేయండి. సైలెన్సర్ తీసి ఉత్త పైపు వేస్తే వచ్చేది చప్పుడే.

ఇక్కడిదాకా అయ్యాకే డీజిల్ వైపు

డీజిల్ ఫిల్టరు మార్చండి, అడుగున నీళ్ల మర తిప్పి నీళ్లు వదలండి, ఆ తర్వాత నాజిళ్లు. పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచడం మాత్రం ఒద్దు. ఒక వారం బండి గుర్రంలా ఉంటుంది, నిజమే. గాలికి మించిన డీజిల్‌తో పొగ గొట్టం వైపు వేడి పెరిగి, ఘాటులో పిస్టన్ కరగడమో హెడ్డు పగలడమో జరుగుతుంది, అప్పుడు లెక్క పద్దెనిమిది వేలతో ఆగదు.

ట్యాపెట్లు కూడా మాన్యువల్ చెప్పిన గ్యాపుకి ఫీలర్ గేజ్‌తో సరిచేయించండి. వాల్వులు సరిగ్గా తెరుచుకోకపోయినా గాలి చాలదు, పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ (సిలిండర్లో గాలి బిగింపు) పోతుంది.

ఇవన్నీ చేసినా లాగకపోతే, వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీసి చూడండి. సన్నగా ఆవిరి రావడం పాత బండికి మామూలే. గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తూ మూత ఎగిరెగిరి పడుతుంటే దాన్నే మనవాళ్లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, రింగులు, బోరు అరిగిపోయాయి. ముందు ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోలేదని చూసుకోండి, అది మూసుకుపోయినా ఇలాగే తంతుంది. అది బాగుండి కూడా ఇలాగే ఉంటే ఇక హోసులకీ ఫిల్టర్లకీ డబ్బు పెట్టొద్దు, కంప్రెషన్ టెస్టు చేయించి, ఇంజన్ పని చేయించడమా బండి అమ్మేయడమా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఒక్కోటి సరిచేసిన ప్రతిసారీ మొదట రాసుకున్న ఎత్తు మీదికి అదే లోడుతో మళ్లీ వెళ్లండి. ఒకేసారి నాలుగు మార్చకండి, ఒక్కోటి మార్చి చూస్తేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది. అరకు దాకా వెళ్లి పరీక్ష చేసేవాళ్లకి ఒక మాట: అక్కడ మనం సముద్రానికి 900 మీటర్ల ఎత్తులో ఉంటాం, గాలి పల్చన. టర్బో లేని బండి కింద లాగినట్టు పైన లాగదు, దాని తప్పు కాదు.

హోసు మార్చాక నేనూ పాతిక బస్తాలతోనే వెళ్లాను. బొడ్డవర దాటాక రెండో గేరు, మొదటి గేరు ఎక్కడా పడలేదు, అద్దంలో రోడ్డు కనిపించింది. ఇంటికొచ్చి ఫిల్టరు డబ్బా మూత మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాశాను. ఇప్పుడు దాని కింద ఇంకో మూడు తేదీలు ఉన్నాయి.